వెన్సిమ్ పీఎల్ఈ: మూడేళ్ల పాప ముసలివాళ్ల గడిలోకి ఎలా వెళ్లింది?

నేను దివిసీమలో ఒక డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. ఇలాగే సాగితే మన జనంలో పెద్దవాళ్ల వంతు ఎంతవుతుందో క్లాసులో కళ్లకు కట్టించాలని వెంటానా సిస్టమ్స్ వాళ్ల వెన్సిమ్ పీఎల్ఈ అనే సాఫ్ట్‌వేర్ దించుకున్నాను. చదువుకి, సొంత వాడకానికి ఉచితం.

నేర్చుకోవడం కష్టం కాదు. గడులు గీసి, ఒకదాన్నుంచి ఇంకోదానికి గొట్టాలు కలిపి, సూత్రాలు రాయాలి. గడిలో ఉండేది జనం సంఖ్య, గొట్టంలో వెళ్లేది ఏటా కదిలేవాళ్లు. నేను నాలుగు గడులు పెట్టాను: 0-14, 15-44, 45-64, 65 పైన. 1970ల మొదట్లో ఎంఐటీలో ప్రపంచ జనాభా, వనరుల భవిష్యత్తు చూడ్డానికి తయారైన వరల్డ్3 నమూనాలోనూ ఇవే గుంపులు. మొదటి గడి నుంచి ఏటా పదిహేనో వంతు, రెండోదాన్నుంచి ముప్పయ్యో వంతు, మూడోదాన్నుంచి ఇరవయ్యో వంతు ముందుకు జరుగుతారు.

నాకు ప్రాణం లేచొచ్చింది స్లైడర్ల దగ్గర. ఇలా జరుపుతుంటే అలా గీతలు కదులుతాయి. కాన్పుల స్లైడర్ పెంచి పట్టిక తెరిచాను. పదేళ్లు తిరక్కుండానే 65 దాటినవాళ్ల అంకె కూడా పెరిగింది. "మేడమ్, ఇప్పుడు పుట్టినవాళ్లు అప్పుడే ముసలివాళ్లయ్యారా?" అని ఒకమ్మాయి అడిగింది. ఎంత మంచి ప్రశ్న!

చావులు ఆపేసి, మొదటి గడిలో 9000 మంది పసివాళ్లను వేసి చూశాం. మొదటి ఏడు 600 మంది రెండో గడికి వెళ్లారు. రెండో ఏడు వాళ్లలో 20 మంది మూడోదానికి. మూడో ఏడు ఒకరు 65 దాటిన గడిలో తేలారు! తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, నా సూత్రానిది. గడిలో పడ్డాక అందరూ కలిసిపోతారు, నిన్న పుట్టిన బిడ్డకీ పద్నాలుగేళ్ల పిల్లకీ తేడా ఉండదు. టైమ్ స్టెప్, అంటే లెక్క ఒక్కో అడుగులో ఎంత కాలం ముందుకు జరుగుతుందో అది, చిన్నది చేసినా ఈ కలగాపులగం పోదు.

పోవాలంటే ఒక్కో ఏడాదికి ఒక్కో గడి ఉండాలి. ఆయిలర్ పద్ధతి (అడుగు మొదట్లో ఉన్న అంకెలతోనే ఆ అడుగు మార్పు లెక్కకట్టేది), టైమ్ స్టెప్ 1 ఏడాది పెడితే ఏడాది తిరిగేసరికి గడి మొత్తం ఖాళీ అయి పక్కదానికి వెళ్తుంది, ఒక ఈడువాళ్లు ఒక్కచోటే ఉంటారు. ఒకే గడితో ఈ పని కానిచ్చే సబ్‌స్క్రిప్టులు పై వెర్షన్లలో ఉన్నాయి, నేను వాడిన పీఎల్ఈలో లేవు. రెండు ఆదివారాలు కూర్చుని 66 గడులు చేత్తో గీశాను.

ఇంకో జాగ్రత్త. జనాభా లెక్కల్లో వయసులు 40, 45, 50 దగ్గర గుట్టలు పడతాయి. మా నాయనమ్మని వయసు అడిగితే "ఉప్పెన నాటికి మీ నాన్న పదో తరగతి" అంటుంది, రాసుకునేవాళ్లు గుండు అంకె వేస్తారు. ఏడాది గడుల్లో ఆ గుట్టలు ఏటా ఒక్కో గడి ముందుకు నడుస్తాయి. ముందే సర్ది పొయ్యాలి.

కేవలం అంకెలు కావాలంటే స్పెక్ట్రమ్ అనే సాఫ్ట్‌వేర్‌లో జనాభా అంచనాలు వేసే డెమ్‌ప్రోజ్ చాలు, అదీ ఉచితమే. లోపల ఏం జరుగుతోందో చూపాలంటే నేను వెన్సిమ్ వైపే.

కొత్త నమూనాలో కాన్పుల స్లైడర్ మళ్లీ పెంచాం. 65 దాటినవాళ్ల అంకె మారలేదు. ఆ అమ్మాయి పట్టికలో వేలు పెట్టి ఏడాది ఏడాది లెక్కపెట్టుకుంటూ వెళ్లింది, 65 దాటాకే ఆగింది.