తెనాలిలో సంతాప ఫ్లెక్సీలు వేసే దుకాణం: పనితనం, ధర, ఒక అభ్యంతరం

సూపర్‌స్టార్ కృష్ణగారి వర్ధంతికి మా అభిమాన సంఘం తరఫున తెనాలిలోని ఒక ఫ్లెక్సీ దుకాణంలో శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు వేయించాము. 2022 నవంబరు 15న ఆయన కన్నుమూసినప్పుడు కూడా మేము వెళ్ళింది ఈ దుకాణానికే. ఆయన పుట్టిన బుర్రిపాలెం తెనాలికి పొరుగునే ఉంది కనుక ఆ రోజు ఇక్కడి ప్రింటింగ్ మిషన్లకు క్షణం తీరిక లేకపోయింది. ప్రజల మనిషి పోయినప్పుడు చేసే సంతాపం హద్దు మీరుతోందన్న మాట తరచుగా వినబడుతోంది. ఆ హద్దు ఎక్కడ మీరుతోందో ఈ దుకాణంలో కూర్చుంటే స్పష్టంగా తెలుస్తుంది కాబట్టి, పనితనంతో పాటు ఆ సంగతి కూడా రాస్తున్నాను.

ముందుగా పనితనం. ఇక్కడి డిజైనర్ చాలా శ్రద్ధగల మనిషి. మేము రాసి ఇచ్చిన కాగితంలో ‘శ్రద్దాంజలి’ అని ఒత్తు తప్పుగా ఉంటే, మేము చెప్పకుండానే సరిచేసి, ప్రూఫును వాట్సాప్‌లో పంపి, పెద్దవాళ్ళెవరి చేతనైనా ఒకసారి చదివించమన్నారు. అల్లూరి సీతారామరాజు వేషంలోని పాత ఫోటో బాగా మసకగా ఉంటే, దానిని ఊరికే సాగదీసి వదిలేయకుండా ముఖం మీద గీతలు తొలగించి, కళ్ళలోని తీక్షణత చెడకుండా తీర్చిదిద్దారు. రంగులు నిలకడగా ఉన్నాయి. రింగులు దగ్గర దగ్గరగా వేసి, సరుగుడు కర్రల ఫ్రేముకు బిగించి ఇచ్చారు. చెప్పిన వేళకు సరుకు చేతికి అందింది. ధర కూడా ఊళ్ళో అందరూ తీసుకునేంతే.

నా అభ్యంతరం వాళ్ళు సిద్ధంగా ఉంచుకున్న నమూనాల విషయంలో. కంప్యూటరులో చూపిన ప్రతి సంతాప నమూనాలోనూ పోయినవారి ముఖం పైన ఒక మూలకు ఒదిగి ఉంటుంది. కింద వరుసలు కట్టి బతికున్నవారి ముఖాలు, వాటి కింద పదవులు, చేతులు జోడించిన నిలువెత్తు బొమ్మ ఒకటి. దీనికి కారణం కొంతవరకు ధర కట్టే పద్ధతిలోనే ఉంది. ఫ్లెక్సీకి చదరపు అడుగుల లెక్కన డబ్బు తీసుకుంటారు కనుక ఒక ముఖం వేసినా ఇరవై ముఖాలు వేసినా ఖర్చు మారదు. చందా ఇచ్చిన ప్రతివారూ తమ ఫోటో ఉండాలంటారు, కాదనడానికి ఎవరికీ నోరు రాదు. మా సంఘంలోనూ ఈ చర్చ జరిగింది. చివరకు కృష్ణగారి బొమ్మ ఒక్కటే వేసి, కింద సంఘం పేరు మాత్రం రాయించాము. డిజైనర్ మారుమాట లేకుండా అలాగే చేసి ఇచ్చారు. మర్నాడు ఒక పెద్దాయన సైకిలు దిగి, చెప్పులు విడిచి, ఆ ఫ్లెక్సీ ముందు దండం పెట్టుకోవడం నేను చూశాను. ఆ దుఃఖం ఎక్కువైందని అనే అధికారం ఎవరికీ లేదని నా నమ్మకం.

నా దృష్టిలో అతి అన్నది మనిషి ప్రాణం దగ్గర, ఎదుటివారి మీద బలవంతం దగ్గర మొదలవుతుంది. 2009 సెప్టెంబరులో వైఎస్ రాజశేఖరరెడ్డిగారు హెలికాప్టర్ ప్రమాదంలో మరణించినప్పుడు గుండె ఆగి పోయినవారి వార్తలు, ఆత్మహత్యల వార్తలు పత్రికల్లో వరుసగా వచ్చాయి. 2006 ఏప్రిల్‌లో కన్నడ నటుడు రాజ్‌కుమార్ పోయినప్పుడు బెంగళూరులో వాహనాలు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల దాకా వెళ్ళింది, ప్రాణాలు పోయాయి. అదే నగరంలో 2021 అక్టోబరులో ఆయన కుమారుడు పునీత్ మరణించినప్పుడు జనం అంతకు తక్కువేమీ ఏడవలేదు. కానీ ఆయన నేత్రదానం చేశారని తెలిసి ఎందరో తమ పేర్లు నమోదు చేయించుకున్నారు. కాబట్టి జనం ఎక్కువ వచ్చారనో, కన్నీళ్ళు ఎక్కువయ్యాయనో తప్పు పట్టడం నాకు సమ్మతం కాదు.

ఇక కట్టే పని. ఈ దుకాణం మనుషులు ఫ్లెక్సీని మొదట కూడలి మలుపులో, కరెంటు స్తంభానికి ఆనించి కట్టబోయారు. అటునుంచి వచ్చే వాహనం కనబడదనీ, తీగల కింద ఇనుప నిచ్చెన వేయడం ప్రమాదమనీ చెప్పి పక్కకు జరిపించాము. ఈ జాగ్రత్త వినియోగదారుడు చెప్పవలసింది కాదు, దుకాణమే పాటించవలసింది. అలాగే కట్టడానికి కూలి తీసుకుంటారు తప్ప విప్పే బాధ్యత తీసుకోరు. దినకర్మ దాటిన వెంటనే విప్పేవారు లేక ఆ ముఖాలు ఎండకు వెలిసి, గాలికి చిరిగి వేలాడుతుంటే అభిమానికి ప్రాణం ఉసూరుమంటుంది. విప్పే కూలిని కూడా మొదటే బిల్లులో కలపమని యజమానికి చెప్పాను, ఆలోచిస్తానన్నారు.

2022 ఆగస్టులో విశాఖపట్నంలో అప్పటి ముఖ్యమంత్రి ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధాన్ని ప్రకటిస్తూ గుడ్డ బ్యానర్లకు మారమన్నారు. ఈ దుకాణంలో గుడ్డ మీద కూడా ముద్రిస్తారు. రంగు కొంచెం తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది. అయినా దగ్గరనుంచి చూస్తే ముఖం మీద ఆ ప్లాస్టిక్ మెరుపు లేక నిండుగా ఉంటుంది. సంతాపానికి వేయించేవారు గుడ్డనే అడగండి, నమూనా చూపించేలోపే ఒక్క ఫోటో చాలని చెప్పండి. ఆ మాట ముందుగా చెబితే చక్కటి పని చేసి ఇచ్చే దుకాణమే ఇది.