అంతరిక్ష నౌకలో ఏ చిలక మేలు?

నేను రాస్తున్న కథలో ఒక నౌక ఉంది. ఇరవై రెండేళ్ల ప్రయాణం, తొమ్మిది మంది మనుషులు, ఒక చిలక. మనుషులతో పెద్ద ఇబ్బంది రాలేదు గానీ చిలక దగ్గర బండి ఆగిపోయింది. మొదటి డ్రాఫ్టులో అది యంత్రం. రెండోదానిలో జన్యువులు మార్చి తెలివి పెంచిన పక్షి. మూడోదానిలో మామూలు చిలక, గింజలు తిని రెట్టలు వేసేది. మూడుసార్లు రాసి చెడగొట్టాను కాబట్టి, ఏది మేలో చెప్పే హక్కు కాస్త వచ్చిందనుకుంటున్నాను.

నాలుగో రకం కూడా ఉంది, వేరే గ్రహం నుంచి వచ్చిన చిలకలాంటి జీవి. దాని పని ముందే తేల్చేస్తాను. వంకర ముక్కు, రంగురంగుల ఈకలు, భుజమెక్కి కూర్చునే అలవాటు, వీటిని తీసుకెళ్లి ఎక్కడో నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహం మీద పెడితే అది ఊహ అనిపించుకోదు, పగటివేషం అనిపించుకుంటుంది. అంతకన్నా వింతైనవి భూమ్మీదే ఉన్నాయి. న్యూజిలాండ్‌లోని కాకపో అనే పక్షినే చూడండి. చిలకే, కానీ ఎగరలేదు. రాత్రిపూట తిరుగుతుంది. మగది నాలుగు కిలోల దాకా తూగుతుంది. జత కోసం నేలమీద గుంట చేసుకుని, అందులో కూర్చుని, ఛాతీ ఉబ్బించి, నగారా మోగించినట్టు గుమ్ముమంటుంది. 1995లో లెక్కపెడితే మొత్తం 51 మిగిలాయి. దీన్ని చంద్రుడి మీద గాలి నింపిన డోమ్‌లో వదిలితే దాని బరువు ఆరో వంతుకు పడిపోతుంది. అక్కడైనా ఎగురుతుందా? ఈ ఒక్క ప్రశ్న మీద ఒక కథ రాయొచ్చు. గ్రహాంతర చిలక కంటే నాకు ఇదే ఇష్టం.

ఇక యంత్ర చిలక. దీని వంశం తెలిసిందే. 1883లో పుస్తకంగా వచ్చిన 'ట్రెజర్ ఐలాండ్'తో సముద్రపు దొంగ భుజం మీద చిలక స్థిరపడింది. దొంగ అంతరిక్షానికి వెళ్తే చిలకా వెంట వెళ్లింది. 1978లో 'డాక్టర్ హూ' అనే బ్రిటిష్ టీవీ సీరియల్‌లో సగం యంత్రమైన కెప్టెన్‌కి పూర్తి యంత్రమైన చిలకను ఇచ్చారు. అది చంపమంటే చంపేది. అక్కడ అది వెటకారం కాబట్టి చెల్లింది.

నౌకకైతే యంత్ర చిలకను మించింది లేదు. తిండి అక్కర్లేదు, గాలి అక్కర్లేదు, బరువు లేకపోయినా ఖంగారు పడదు. కథకు మాత్రం అది శుద్ధ దండగ అని నాకు రెండో అధ్యాయంలోనే తెలిసింది. చనిపోయిన కెప్టెన్ మాటల్ని నా యంత్ర చిలక ఆమె గొంతుతోనే అప్పజెప్పే సీను ఒకటి రాశాను. చదివిన స్నేహితుడు కళ్లనీళ్లు పెట్టుకుంటాడనుకున్నాను. "దీని బదులు గోడకి స్పీకర్ పెడితే సరిపోయేదిగా" అన్నాడు. నిజమే. యంత్రం పలికితే అది రికార్డింగు. ఎవరు ఎక్కించారు, ఎందుకు ఎక్కించారు అనే ప్రశ్నలు మిగులుతాయి తప్ప, ఆ చిలక వైపు ఎవరూ చూడరు.

2021లో కొందరు పరిశోధకులు, చాట్‌బాట్ల వెనకుండే పెద్ద భాషా నమూనాలకు 'స్టొకాస్టిక్ పారట్స్' అని పేరు పెట్టారు. అర్థం తెలియకుండా, ఏ మాట తర్వాత ఏ మాట రావచ్చో లెక్కేసి పేర్చే చిలకలని వాళ్ల భావం. మనమూ బట్టీ కొట్టి చెప్పేదాన్ని చిలక పలుకులనే అంటాం. యంత్రాల గురించి వాళ్లన్నది ఎంత సబబో వేరే చర్చ. చిలక గురించి మాత్రం అది తొందరపాటు మాటే.

ఎందుకంటే అలెక్స్ అని ఒక ఆఫ్రికన్ గ్రే చిలక ఉండేది. శాస్త్రవేత్త ఐరీన్ పెప్పర్‌బర్గ్ 1977లో దాన్ని పెంపుడు జంతువుల దుకాణంలో కొని ముప్పై ఏళ్లు దానితో పనిచేశారు. దానికి దాదాపు వంద మాటలు వచ్చు. పళ్లెంలో రంగురంగుల వస్తువులు పెట్టి "ఆకుపచ్చవి ఎన్ని?" అంటే ఆరు దాకా లెక్క చెప్పేది. రెండు వస్తువులు ఒకేలా ఉంటే, తేడా ఏమిటని అడిగితే "ఏమీ లేదు" అనే అర్థం వచ్చే మాట వాడేది. ఆపిల్‌కి అది తానే పెట్టుకున్న పేరు 'బనెరీ'. అరటిపండు, చెర్రీ పేర్లు కలిపి కట్టినట్టుంటుంది. దానికి నిజంగా భాష వచ్చా అంటే శాస్త్రజ్ఞులు ఇంకా ఒప్పుకోరు. ఏమీ రాదా అంటే అదీ అనలేరు.

జన్యువులు మార్చిన చిలక ఓడిపోయేది సరిగ్గా ఇక్కడే. నా రెండో డ్రాఫ్టులో చిలక పూర్తి వాక్యాలు మాట్లాడేది, ఎదురువాదన చేసేది, ఒక సందర్భంలో ఓటు కూడా అడిగింది. పదో పేజీకొచ్చేసరికి అది చిలకన్న సంగతి రాసిన నేనే మర్చిపోయాను. ఈకలున్న పొట్టి ఇంజనీరు తయారైంది. పైగా పెంచాల్సినంత తెలివితక్కువదేం కాదు అది. 2016లో పక్షుల మెదళ్లలో నాడీకణాలు లెక్కపెట్టారు. మకావ్ అనే పెద్ద చిలక మెదడు అక్రోటు కాయంత, మకాక్ కోతి మెదడు నిమ్మకాయంత. అయినా ముందు మెదడులో నాడీకణాలు మకావ్‌కే ఎక్కువ తేలాయి. ఉన్న బుర్రలో ఏం జరుగుతోందో మనకే సగం తెలియనప్పుడు కొత్త జన్యువులు ఎక్కించడం దేనికి? ఒక్క సందర్భంలో ఈ రకానికే నా ఓటు: కథే దాని గురించైతే. నన్నెవడు మార్చమన్నాడు అని ఆ పక్షి అడిగే కథైతే వేరే ఏ చిలకా పనికిరాదు. నాది ఆ కథ కాదు.

మామూలు చిలకను నౌకెక్కించడం చాలా కష్టం. ఆ కష్టమే కథకు కావాల్సిన సరుకు. 1990లో మీర్ అంతరిక్ష కేంద్రంలో కంజు గుడ్లు పొదిగించారు. పిల్లలు బయటికొచ్చాయి గానీ, బరువు లేని చోట నిలదొక్కుకోలేక, ముక్కు మేత దాకా చేర్చలేక బతకలేకపోయాయి. చిలకకు ఇక్కడ ఒక వీలుంది. దాని కాళ్లకు రెండు వేళ్లు ముందుకి, రెండు వెనక్కి ఉంటాయి కాబట్టి పట్టు గట్టిది. ముక్కును మూడో కాలులా వాడి నిలువుగా ఎక్కుతుంది. లవ్‌బర్డ్స్ మీద చేసిన ఒక ప్రయోగంలో ఆ ముక్కు కాళ్లంత బలంగానే పనిచేస్తుందని తేలింది. నా నౌకలో గోడల పొడవునా వల బిగించాను. చిలక ముక్కు, కాలు, ముక్కు, కాలు అంటూ ఆ వల మీద పాకుతుంది. మనుషులు గాలిలో తేలుతూ చేతులు ఆడిస్తుంటే, అదొక్కటే ఎక్కడికి వెళ్లాలో తెలిసినట్టు వెళ్తుంది.

ఆ తర్వాత పొడి. గ్రే చిలకలు, కాకటూ జాతి చిలకలు ఈకల నుంచి మెత్తటి తెల్లపొడి రాలుస్తాయి. చిలక కూర్చున్న నల్ల సోఫా మీద వేలితో గీస్తే గీత పడుతుంది. ఇది నౌకలో గాలి ఫిల్టర్లలోకి చేరితే? వారం వారం వాటిని విప్పి దులపడానికి ఒక మనిషి కావాలి, ఆ మనిషి చిలకను తిట్టుకోవాలి. మరొకటి, పక్షి ఊపిరితిత్తుల్లో గాలి ఒకే దిక్కున పారుతుంది కాబట్టి మంచీ చెడూ రెండూ త్వరగా ఒంట్లోకి వెళ్తాయి. టెఫ్లాన్ పూత మాడితే వచ్చే పొగకు మనిషికి దగ్గొస్తుంది, చిలక చచ్చిపోతుంది. బొగ్గు గనుల్లో కానరీ పిట్టలను ఉంచింది ఇందుకే. అంటే నౌకలో గాలి చెడితే మొదట తెలిసేది దానికే. ఇది ఎవరూ పైకి అనరు. కానీ పడుకునే ముందు అందరూ దాని వైపోసారి చూసి పడుకుంటారు.

ఆయుష్షు మాటకొస్తే, షికాగో దగ్గరి బ్రూక్‌ఫీల్డ్ జూలో కుకీ అనే కాకటూ 2016లో 83 ఏళ్లకు పోయింది. ఇరవై రెండేళ్ల ప్రయాణం దానికొక లెక్క కాదు. మనుషులు ఒక్కొక్కరే తగ్గుతున్నా గొంతులన్నీ చిలక దగ్గర ఉండిపోతాయి.

మన జానపద కథల్లో మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. ఇప్పటివాళ్లు మనసును కంప్యూటర్లోకి ఎక్కించడం అంటున్నది దాదాపు అదే. గమనించాల్సింది ఏంటంటే, ఆ చిలకకు ఏ శక్తీ ఉండదు. తనలో ఎవరి ప్రాణం ఉందో దానికి తెలుసో తెలియదో కూడా కథ చెప్పదు. జాంపండు కొరుక్కుంటూ కూర్చుంటుంది. భయమంతా అందులోనే ఉంది.

నా తీర్పుకి అడ్డొచ్చే కథ ఒకటుంది, దాచడం న్యాయం కాదు. అమెరికన్ సైన్స్ ఫిక్షన్ రచయిత టెడ్ చాంగ్ 'ది గ్రేట్ సైలెన్స్' కథను పోర్టో రికో చిలక చేత చెప్పించాడు. 2020లో కూలిపోయేదాకా ఆ ద్వీపంలో ఉన్న అరెసిబో టెలిస్కోపు వేరే లోకాల మాటల కోసం చెవి రిక్కించి కూర్చుంటే, 1970లలో పదమూడుకు పడిపోయిన చిలకలు ఆ పక్కనే ఉన్నాయి. అక్కడ చిలక చక్కటి వాక్యాల్లోనే మాట్లాడుతుంది, అయినా ఇంజనీరులా అనిపించదు. ఎందుకంటే అది మాట్లాడేది పాఠకుడితో, పాత్రలతో కాదు. ఆ పని చేతనైనవాళ్లు చేయొచ్చు. నాకు చేతకాదు.

మామూలు చిలకల్లో ఏ జాతి అంటే, చిన్న చిలక బడ్జరిగర్‌కి మాటలు బాగా వస్తాయి గానీ అంత ఆయుష్షు లేదు. పక్ అనే బడ్జరిగర్‌కి 1,728 మాటలు వచ్చని రికార్డు ఉంది. న్యూజిలాండ్ కొండల్లో ఉండే కియా చిలక అయితే కార్ల రబ్బరు పట్టీలే పీకేస్తుంది, నౌకలో వైర్లను బతకనివ్వదు. అల్లరి కథైతే కియా. నాది గ్రే.

దానికి మొదట వచ్చింది మాట కాదు, ఆక్సిజన్ అలారం. గ్రే చిలకలు ఫోన్ మోతలు దించేసినట్టే ఇదీ దించేసింది. మొదటి రాత్రి తొమ్మిది మందీ మాస్కులు పెట్టుకుని పరిగెత్తారు. పదోసారికి ఎవరూ లేవలేదు, 'నాన్నా పులి' కథలోలాగే. అందుకని అసలు అలారం మోత మార్చారు. చిలక పాతదాన్నే పట్టుకుని ఉంది. పందొమ్మిదో ఏట ఒక రాత్రి అది పాత మోత మోగించి, ఆగి, చనిపోయిన కెప్టెన్ దగ్గు దగ్గింది. తర్వాత ఆమె గొంతుతోనే "ఆ తలుపు వెయ్యండి" అంది. డ్యూటీలో ఉన్న కుర్రాడు నవ్వుకుంటూ వెళ్లి చూశాడు. మూడో గది తలుపు వేసే ఉంది. అయినా ఇంకోసారి తోసి చూశాడు.