750 డబుల్ పంపర్: నాలుగు సీజన్ల వాడకం తర్వాత

డాలస్‌కు దక్షిణాన ఎన్నిస్‌లో ఉన్న టెక్సస్ మోటర్‌ప్లెక్స్ అనే డ్రాగ్ రేసింగ్ (నిలుచున్న చోటి నుంచి తిన్నగా క్వార్టర్ మైలు దూకే పందెం) ట్రాక్‌లో నాలుగు సీజన్లుగా నేను నడుపుతున్నది 1972 నాటి షెవీ నోవా. ఇంజను 350 క్యూబిక్ అంగుళాల స్మాల్ బ్లాక్, గేర్‌బాక్సు ఆటోమేటిక్. మూడేళ్లుగా దాని మీద ఉన్నది హాలీ కంపెనీ 4779, అంటే 750 సీఎఫ్ఎం (నిమిషానికి అన్ని ఘనపుటడుగుల గాలి) డబుల్ పంపర్ కార్బొరేటర్. పెడల్ తొక్కగానే పెట్రోలు చిమ్మే పంపులు ముందూ వెనుకా రెండు ఉంటాయి కనుక ఆ పేరు. నేను నేరుగా దీని దగ్గరికి రాలేదు. మొదటి సీజనంతా ఒక 850 సీఎఫ్ఎం కార్బొరేటర్‌తో కుస్తీ పట్టి, డబ్బూ వారాంతాలూ ఖర్చు పెట్టాకే వచ్చాను.

ఇంజను ఎంత గాలి పీలుస్తుందో తేల్చే లెక్క కష్టమైనదేమీ కాదు. క్యూబిక్ అంగుళాలను ఆర్‌పీఎంతో గుణించి 3456తో భాగిస్తే సరిపోతుంది. నేను గేరు మార్చేది 6,500 దగ్గర కనుక నాకు వచ్చేది 658 సీఎఫ్ఎం, అదీ సిలిండర్లు నూటికి నూరుపాళ్లు నిండుతాయనుకుంటేనే. ఈ లెక్క కాగితం మీద వేసుకుని మరీ 850 కొన్నానంటే దానికి కారణం ఆశే. పెద్దదైతే ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర నాలుగు హార్స్‌పవర్ అదనంగా వస్తాయనుకున్నాను. నిజానికి వచ్చాయి కూడా, కానీ అవి ట్రాక్ చివరనే వచ్చాయి.

కార్బొరేటర్‌లో గాలి దూరే సన్నటి మెడను వెంచురీ అంటారు. పెద్ద వెంచురీలో గాలి నెమ్మదిగా కదులుతుంది. గాలి వేగం తగ్గితే, పెట్రోలును గాలిలోకి వదిలే బూస్టర్ దగ్గర పెట్రోలును లాగే పీడన తేడా కూడా తగ్గుతుంది. బ్రేకు తొక్కిపట్టి ఇంజనును 2,500 ఆర్‌పీఎం దగ్గర నిలిపి, పచ్చ దీపం వెలగగానే పెడల్‌ను నేలకు ఆనించిన క్షణంలో గాలి ఒక్కసారిగా లోపలికి దూకుతుంది, పెట్రోలు మాత్రం వెనకబడుతుంది. కారు అరక్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగి అప్పుడు కదిలేది. ఆ సీజను చివరలో నా మంచి టైమ్ స్లిప్ ఇలా ఉంది: 60 అడుగులకు 1.78 సెకన్లు, క్వార్టర్ మైలు 12.02, ముగింపు గీత దాటినప్పుడు వేగం గంటకు 116 మైళ్లు. మరో వారం, దాదాపు అదే వాతావరణంలో, ఇంజనులో ఇంకేమీ మార్చకుండా 750 బిగించి పరిగెత్తిస్తే 1.69, 11.86, 115 వచ్చాయి. వేగం ఒక మైలు తగ్గింది, సమయం మాత్రం సెకనులో ఆరో వంతు మెరుగైంది. ఇంజను శక్తిని కొలిచే డైనో యంత్రం ఇచ్చే కాగితం ఈ తేడాను ఎప్పటికీ చూపించదు, ఎందుకంటే డైనో మీద ఇంజను నిలుచున్న చోటి నుంచి దూకనవసరం లేదు.

అయితే పెట్టెలోంచి తీసి బిగించినంత మాత్రాన పని అయిపోలేదు. రెండో గేరు పడక ముందే కారు ఒకసారి తూలేది. పంపు నాజిల్ 31 నుంచి 35కు మార్చాను, రంగురంగుల ప్లాస్టిక్ పంపు క్యామ్‌లు మూడు మార్చి చూశాను, ఏదీ పనిచేయలేదు. అసలు కారణం వెనుక బౌల్‌లో, అంటే కార్బొరేటర్‌లో పెట్రోలు నిలిచే చిన్న గిన్నెలో ఉంది. కారు ముందుకు దూకగానే పెట్రోలు బౌల్ వెనుక గోడకు ఎగబడుతుంది. వెనుక బౌల్‌లో పెట్రోలును కొలిచి వదిలే సన్న రంధ్రాల జెట్లు ముందు వైపు ఉంటాయి కనుక అవి కొద్దిసేపు ఖాళీగా గాలి పీలుస్తాయి. ముందు బౌల్‌కు ఈ బాధ లేదు, అక్కడ పెట్రోలు జెట్ల మీదికే వస్తుంది. వెనుక జెట్లకు తొడిగే చిన్న గొట్టాలు, వాటికి అడ్డు రాకుండా గాడి కోసిన ఫ్లోట్ (పెట్రోలు మట్టాన్ని నిలిపే తేలుడు బుడ్డి) కలిపి వేశాక ఆ తూలడం పూర్తిగా పోయింది. డ్రాగ్ స్ట్రిప్‌కు వెళ్లే ఎవరైనా ఈ కార్బొరేటర్‌తో పాటే వీటినీ కొనుక్కోవాలి. ఇది తెలియక నేను రెండు నెలలు పోగొట్టుకున్నాను.

ఇంజను వాక్యూమ్ పడిపోయినప్పుడు అదనపు పెట్రోలు వదిలే పవర్ వాల్వ్ సంగతి క్లుప్తంగా చెబుతాను. నాది కాస్త పెద్ద క్యామ్‌షాఫ్ట్ కావడంతో ఐడిల్‌లో వాక్యూమ్ 9 అంగుళాలే ఉంది. అందులో సగం అన్న పాత లెక్క ప్రకారం 6.5 అంగుళాల దగ్గర తెరుచుకునే వాల్వ్ తీసి 4.5ది వేశాను, ప్లగ్గులకు మసి పట్టడం ఆగింది.

ఫ్లోట్ మట్టం సరిచూడడం మాత్రం నాకు ఇష్టమైన పని. ఇంజను నడుస్తుండగా బౌల్ పక్కనున్న చిన్న బిరడా విప్పితే, పెట్రోలు ఆ రంధ్రం కింది అంచును తాకి, జారనా వద్దా అన్నట్టు నిలబడాలి. పైనున్న నట్టును కొద్దిగా తిప్పితే చాలు, మట్టం కళ్ల ముందే మారుతుంది. చిన్నప్పుడు మా నాన్నగారు చేతక్ స్కూటరు జెట్టును విప్పి, వెలుతురుకు ఎత్తిపట్టి చూసి నోటితో ఊదేవారు. తీగ పెట్టి పొడవకూడదన్న ఆయన మాట ఇక్కడా పనికొచ్చింది.

నా నిర్లక్ష్యం వల్ల జరిగినది కూడా చెప్పాలి. ఒక శీతాకాలమంతా ఇథనాల్ కలిసిన బంకు పెట్రోలును బౌల్‌లోనే వదిలేశాను. మార్చిలో తెరిచి చూస్తే అడుగున తెల్లటి పొడి పేరుకుంది, బౌల్‌లోకి పెట్రోలు రాకను ఆపే నీడిల్ ఇరుక్కుపోయి పెట్రోలు మ్యానిఫోల్డ్ మీదికి కారింది. అప్పటి నుంచి సీజను ముగియగానే బౌల్స్ ఖాళీ చేస్తున్నాను.

వాతావరణాన్ని బట్టి జెట్లు మార్చే ఓపిక లేనివారు దీని జోలికి రాకపోవడమే మంచిది. ఆగస్టు ఎండలో నా కారుకు ముందు 70 నంబరు జెట్లు, వెనుక 80 సరిపోతాయి. నవంబరు చలిగాలికి 72, 82 కావాలి. అమెరికా డ్రాగ్ రేసింగ్ సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ వారి ప్రో స్టాక్ తరగతే 2016లో కార్బొరేటర్లను వదిలి ఫ్యూయెల్ ఇంజెక్షన్‌కు మారిందని మిత్రులు నాకు గుర్తు చేస్తుంటారు. నిజమే, కానీ నేను ఆడేది బ్రాకెట్ రేసింగ్. ముందే అంచనా వేసి కారు గాజు మీద రాసుకున్న సమయానికి వీలైనంత దగ్గరగా రావాలి, అంతకన్నా తక్కువలో వస్తే ఓటమి. ఆ పనిలో ఇది రాత్రంతా సెకనులో రెండు మూడు వందో వంతుల తేడాతో పరిగెడుతుంది. రోజూ రోడ్డు మీద తిరిగే బరువైన ఆటోమేటిక్ కారుకైతే మాత్రం వాక్యూమ్ సెకండరీల రకమే, అంటే వెనుక ద్వారాలు ఇంజను పీల్పును బట్టి వాటంతటవే తెరుచుకునేదే నయం.

ఇక ఆ 850ని ట్రాక్ దగ్గర పరిచయమైన ఒక కుర్రాడికి సగం ధరకు ఇచ్చాను. అతనిది 406 ఇంజను, 7,000 దాకా తిప్పుతాడు. అదే లెక్క వేస్తే 822 వస్తుంది. అతని కారు బయలుదేరే గీత దగ్గర ఒక్కసారి కూడా తడబడగా నేను చూడలేదు.