భుజం లేవకపోతే: ఆసుపత్రిలో ఫిజియోథెరపీనా, ఇంట్లో వ్యాయామమా?

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయిన మూడో వారంలో కూడా మా చిన్నమ్మ చెయ్యి భుజం దాటి లేవలేదు. జడ వేసుకోవాలన్నా ఇంకొకరు కావాల్సిందే. చంకలో గ్రంథులు తీశాక ఇలా బిగుసుకుపోవడం మామూలే. మా చిత్తూరు నుంచి ఆసుపత్రి ఉన్న తిరుపతికి సుమారు 70 కిలోమీటర్లు. మాటిమాటికీ బస్సెక్కి పోవాలా, ఇంట్లోనే చేసుకోవాలా?

ఆసుపత్రిలో భుజం ఎంతవరకు లేస్తుందో కొలుస్తారు, రెండు చేతుల చుట్టుకొలతా టేపుతో పోల్చి చూస్తారు. చెయ్యి బరువెక్కి గాజులు బిగుతయితే చంక గ్రంథుల గుండా పోవాల్సిన లింఫ్ అనే నీరు చేతిలో చేరుతోందేమో చూడాలి. దానికి మర్దన చేయడం, కట్టు కట్టడం నేర్చినవాళ్ల పని. నూనె రాసి గట్టిగా రుద్దమని ఎవరైనా చెబితే దయచేసి వినొద్దు. ఎముకలకు క్యాన్సర్ పాకినవాళ్లు, ప్లేట్‌లెట్లు పడిపోయినవాళ్లు సొంతంగా ఏదీ మొదలుపెట్టకూడదు.

ఇంటి మేలు ఇంటిది. కీమో నీరసంలో బస్సు ప్రయాణమే సగం ప్రాణం తీస్తుంది. చిన్నమ్మ గోడకెదురుగా నిలబడి వేళ్లను మెల్లగా పైకి పాకించేది. ఆగిన చోట నేను చాక్‌పీసుతో గీత గీసేదాన్ని. పదిరోజులకు గీత క్యాలెండర్ మేకు దాటింది. వారానికి మూడుసార్లు, 30 నిమిషాల చొప్పున నడిచినా నీరసం తగ్గుతుందని 2019 నాటి అంతర్జాతీయ సిఫార్సులు చెబుతున్నాయి.

నన్నడిగితే, మొదటి రెండు మూడు సార్లు తప్పకుండా పోయి నేర్చుకోండి. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో ఫిజియోథెరపీ కళాశాలే ఉంది. ఆ తర్వాత ఇల్లు చాలు. చెయ్యి వాచినా, ఎర్రబడి జ్వరం వచ్చినా మాత్రం ఆ రోజే డాక్టరు దగ్గరికి పోవాలి.