పెంచలకోనలో ఒక రాత్రి ఉండి చూడండి

నెల్లూరు నుంచి పొదలకూరు, రాపూరు మీదుగా పెంచలకోన చేరేసరికి మధ్యాహ్నమైంది. శనివారం కదా, బస్సులో సగం దూరం నిలబడే వెళ్లాం. ముసలివాళ్లుంటే కారు మాట్లాడుకోవడమే మేలు.

దిగిన గదికి ఫోన్‌లో ఏసీ ఉందన్నారు. తీరా వెళ్తే అది పనిచేయలేదు, డబ్బూ తగ్గించలేదు. కిటికీలకు మెష్ మాత్రం గట్టిగా ఉంది. కోతులున్న చోట ఏసీ కన్నా అదే ముఖ్యం. భోజనం ఫర్వాలేదు.

నరసింహస్వామి దర్శనం చేసుకుని సాయంత్రానికే తిరిగొచ్చేవాళ్లు ఎక్కువ. నేను ఉండమనేది తెల్లారి ఆరు గంటల కోసం. కొండవైపు చెట్ల మీంచి కోతుల గుంపు దిగింది. నెత్తిన జుట్టు సుడి తిరిగి, టోపీ పెట్టుకున్నట్టుండే ఈ జాతి మన ద్వీపకల్పంలో తప్ప ఇంకెక్కడా లేదు. పది అడుగుల దూరంలో ఒక తల్లి కూర్చుంది. పొట్టకు పిల్ల కరుచుకుని ఉంది. కొబ్బరి ముక్కలు గబగబా బుగ్గ సంచుల్లో కుక్కుకుని, పక్కకు జరిగాక చేతి వెనక భాగంతో బుగ్గను పైకి తోసుకుంటూ ఒక్కో ముక్కా నోట్లోకి తెచ్చుకుని నమిలింది. నేను కదల్లేదు, అదీ బెదరలేదు.

మా అమ్మాయి పదో తరగతి. "అమ్మా, చింపాంజీలూ ఇంతేనా?" అంది. కాదు. వాటికి తోకా లేదు, బుగ్గ సంచులూ లేవు. రోజూ రాత్రి కొమ్మలు వంచి కొత్త పడక కట్టుకుంటాయి. ఈ కోతుల్లో ఆడవి పుట్టిన గుంపులోనే ఉండిపోతాయి, ఎదిగిన మగవి వేరే గుంపు వెతుక్కుంటాయి. చింపాంజీల్లో ఇది తిరగబడుతుంది. మగవి పుట్టినచోటే ఉంటాయి, ఈడొచ్చిన ఆడవాటిలో చాలావరకు ఇంకో గుంపులోకి వెళ్లిపోతాయి. "అంటే అత్తారింటికి వెళ్లేది వాళ్లలోనా!" అని అది తెగ ఆశ్చర్యపోయింది.

కొబ్బరికాయలమ్మే అవ్వ మా ఆయన్ని చూసి, "అబ్బయా, ఆ కవరు సంచీలో పెట్టుకో, చూశాయంటే వదలవు" అంది. అరటిపళ్లు పెట్టీ పెట్టీ మనమే నేర్పిన అలవాటిది. 1960లో టాంజానియాలోని గొంబేకు వెళ్లిన జేన్ గుడాల్ కూడా చింపాంజీలను దగ్గరగా చూడాలని అరటిపళ్లు పెట్టించారు. దాంతో వాటిలో కొట్లాటలు పెరిగాయి, పళ్ల కోసం బబూన్లూ వచ్చిపడ్డాయి. చివరికి ఆ పద్ధతిని బాగా తగ్గించుకోవాల్సి వచ్చింది. అంత పెద్ద పరిశోధకురాలికే ఎదురైన తిప్పలు ఇవి. పుణ్యం వస్తుందని మనం వేసే పండు వాటికి ఏ మేలూ చేయదు.

పోయిన నెల భైరవకోన చూశాం. ఒకే కొండను తొలిచిన ఎనిమిది శివాలయాలు, అక్కడి శిల్పానికి నా మార్కులు ఎక్కువ. కానీ మధ్యాహ్నం వెళ్లి సాయంత్రానికి వచ్చేశాం. ఎండవేళ కోతులు నీడలో కూర్చుని ఒకదానికొకటి పేలు చూసుకోవడమే కనిపించింది.

పెంచలకోన నుంచి తిరిగొస్తుంటే ముందున్న కారులోంచి ఎవరో పళ్లు విసిరారు. ఒక తల్లికోతి పిల్లతో సహా రోడ్డు మీదికి దూకింది. మా బస్సు డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. అది పండందుకుని గట్టెక్కింది. పిల్ల పొట్టను వదల్లేదు.