ఇల్లు పిల్లలకు రాయాలంటే వీలునామా మేలా, సెటిల్మెంట్ దస్తావేజు మేలా?

ఉద్యోగ విరమణ చేసిన దంపతులు, భర్తను పోగొట్టుకున్న తల్లులు నన్ను తరచూ అడిగేది ఇదే. ఇల్లు ఇప్పుడే సెటిల్మెంట్ దస్తావేజుతో, అంటే డబ్బు తీసుకోకుండా ఇస్తున్నట్టు రాసి, పిల్లల పేర రిజిస్టర్ చేయించాలా, వీలునామా రాసిపెడితే చాలా? అమెరికా నుంచో బెంగళూరు నుంచో పిల్లలు సెలవులకు వచ్చే నెలల్లో ఈ ప్రశ్న మరీ ఎక్కువవుతుంది. వచ్చిన పదిహేను రోజుల్లోనే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం పని ముగించుకోవాలని వారి తొందర. నా జవాబు ముందే చెబుతాను: ఉన్నది ఒక్క ఇల్లే అయితే వీలునామా రాయండి.

సెటిల్మెంట్ బలం తక్కువది కాదు. సాక్షుల సంతకాలతో రిజిస్టర్ అయి, పుచ్చుకునేవారు అంగీకరిస్తే హక్కు అప్పుడే మారిపోతుంది. ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లను చూపే ధ్రువపత్రం ఈసీలో కనిపిస్తుంది, ఇంటి పన్ను రసీదు కొత్త పేరు మీద వస్తుంది. తల్లిదండ్రుల తర్వాత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ మధ్య తగాదాకు చోటు బాగా తగ్గుతుంది. వీలునామాకు ఆ భద్రత లేదు. ఎనభై ఏళ్ళ వయసులో, ఆస్పత్రి మంచం మీద, లాభపడే కొడుకే దగ్గరుండి రాయించిన వీలునామాను కోర్టు అనుమానంతోనే చూస్తుంది. మిగతావారు దావా వేస్తే ఏళ్ళు పడుతుంది. సెటిల్మెంటుకు ప్రభుత్వ మార్కెట్ విలువ మీద స్టాంపు డ్యూటీ కట్టాలి, వీలునామాకు అక్కర్లేదు. ఆ తేడాను నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను.

నేను లెక్కలోకి తీసుకునేది వేరు. మీరు బతికున్నంతకాలం ఆ ఇంటి మీద చివరి మాట ఎవరిది? వీలునామా మీ తదనంతరమే అమలులోకి వస్తుంది. అప్పటిదాకా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చింపేయవచ్చు, ఇల్లే అమ్ముకోవచ్చు. సెటిల్మెంట్ చేశాక మనసు మారిందని మీరొక్కరే వెళ్ళి దాన్ని రద్దు చేసుకోలేరు.

దీనికి దస్తావేజు లేఖరులు చెప్పే మందు ఒకటుంది: "జీవితాంతం మీరే అనుభవించేలా రాస్తాం." ఆ మాట నిజమే. మీరు బతికున్నంతకాలం అందులో ఉండవచ్చు, అద్దె మీరే తీసుకోవచ్చు. కానీ ఇల్లు మాత్రం అప్పటికే మీది కాదు. 2014లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్ళిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. స్వాధీనాన్నీ అద్దెనూ జీవితాంతం తన దగ్గరే ఉంచుకుని ఒకామె, సెటిల్మెంట్ లాంటిదే అయిన దాన దస్తావేజు రాసి, తర్వాత రద్దు చేసింది. దానం చెల్లుతుంది, రద్దు చెల్లదు అని తీర్పు వచ్చింది.

ఇప్పుడు డెబ్బై రెండేళ్ళ తల్లికి గుండె ఆపరేషన్ అవసరమైందనుకోండి. అనుభవ హక్కుతో ఆమె ఆ ఇంట్లో ఉండగలదు తప్ప, ఇంటిని అమ్మలేదు, పూర్తి విలువకు తాకట్టు పెట్టలేదు. అరవై దాటినవారికి సొంతింటిని తాకట్టు పెట్టుకుని బ్యాంకులు ఇచ్చే అప్పు, రివర్స్ మార్ట్‌గేజ్ కూడా అందదు, ఇల్లు ఆమె పేర ఉంటేనే అది వస్తుంది. కొడుకు సంతకం పెడితే తప్ప ఏ దారీ లేదు. అతను మంచివాడే కావచ్చు. అతనికి అప్పులుండవచ్చు, భార్యతో విడాకుల గొడవ ఉండవచ్చు, అతనే తల్లికంటే ముందు పోవచ్చు. అప్పుడు ఆ సంతకం కోసం ఆమె కోడలి దగ్గరికో, మనవల తరఫున కోర్టుకో వెళ్ళాలి.

చట్టం అండగా లేదా అంటే ఉంది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, చూసుకుంటారన్న షరతు మీద ఇచ్చిన ఆస్తిని, పుచ్చుకున్నవారు ఆ మాట తప్పితే వెనక్కి తీసుకోవచ్చు. అందుకోసం ఫిర్యాదు చేయాల్సింది ట్రిబ్యునల్‌కు, మన దగ్గర దానికి ఆర్డీవో (రెవెన్యూ డివిజనల్ అధికారి) అధ్యక్షత వహిస్తారు. అయితే షరతే లేకుండా ఇచ్చేసిన ఆస్తికి ఈ సెక్షన్ వర్తించదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్ తల్లి ఒకరి కేసులో అదే కోర్టు చట్టాన్ని ఉదారంగా చదివి, దాన దస్తావేజును రద్దు చేసి ఆస్తిని ఆమెకు తిరిగి అప్పగించమంది. మంచి తీర్పు. కానీ దాన్ని వాడుకోవాలంటే తల్లి కన్నకొడుకు మీద ఫిర్యాదు రాసి ఆర్డీవో ముందు నిలబడాలి. మన ఇళ్ళలో ఎంతమంది తల్లులు ఆ పని చేస్తారు? పరువు పోతుందని గడప దాటనివారే ఎక్కువ. వీలునామా రాసిన తల్లికి ఆ అవసరమే రాదు.

కాబట్టి వీలునామాకున్న బలహీనతను సరిచేసుకోవడం మీదే దృష్టి పెట్టండి. తెల్ల కాగితం మీద రాసినా చెల్లుతుంది, కానీ ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. ఇద్దరూ మీ ఈడు స్నేహితులైతే కోర్టులో చెప్పాల్సిన రోజుకు వారూ ఉండకపోవచ్చు. కనీసం ఒకరైనా మీకంటే ఇరవై ఏళ్ళు చిన్నవారు, ఆస్తిలో వాటా రానివారు ఉండాలి. మీకు వైద్యం చేసే డాక్టరు ఒక సాక్షిగా ఉంటే మతిస్థిమితం గురించిన వాదన చాలావరకు తేలిపోతుంది. డోర్ నంబరు, సర్వే నంబరు, నాలుగు హద్దులు దస్తావేజులో ఉన్నట్టే రాయండి. కూతురికి తక్కువ ఇస్తుంటే ఎందుకో ఒక వాక్యంలో చెప్పండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించండి. కదలలేనివారి ఇంటికి సబ్ రిజిస్ట్రారే వస్తారు. ఓపిక ఉన్నప్పుడే, ఆరోగ్యంగా ఉన్నప్పుడే రాయడం అన్నిటికన్నా ముఖ్యం. పిత్రార్జితంలో మాత్రం మీ వాటాకే వీలునామా రాయగలరు, 2005 సవరణతో కూతుళ్ళకూ అందులో సమాన హక్కు ఉంది. ముస్లింలకు లెక్క వేరు, వారసుల సమ్మతి లేకుండా మూడో వంతుకు మించి వీలునామా రాయకూడదు.

నామినీ పేరు రాశాం కదా, చాలదా అంటారు. చాలదు. బ్యాంకు డబ్బు, షేర్లు చేతికి అందుకునే వ్యక్తి నామినీ. అవి చివరికి ఎవరివో వారసత్వమో వీలునామానో చెబుతుంది. జీవిత బీమాలో మాత్రం భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే 2015 సవరణ తర్వాత పరిస్థితి వేరు, ఆ డబ్బు వారిదే. ఏదీ రాయకపోతే హిందూ పురుషుడి స్వార్జితం భార్య, పిల్లలు, తల్లి మధ్య సమానంగా పంచుకుపోతుంది. మీరు కోరుకునేదీ అదే అయితే ఏదీ రాయనక్కర్లేదు.

సెటిల్మెంట్ సరైన దారి అయ్యే చోట్లు ఉన్నాయి. ఉండే ఇల్లు కాక మరో ఫ్లాటో స్థలమో ఉండి, పెళ్ళప్పుడే కూతురికి ఇవ్వాలనుకుంటే ఇచ్చేయండి. మిగతావారు దావా వేయడం ఖాయమని తెలిసి, వికలాంగుడైన బిడ్డకు రక్షణ కావాలన్నా అదే మేలు. ఉండే ఇంటికే చేస్తామంటే, రిజిస్ట్రేషన్‌కు ముందు చిత్తుప్రతి మీరే చదవండి. భోజనం, వైద్యం, నివాసం చూడాలన్న షరతు, అది తప్పితే దస్తావేజు రద్దవుతుందన్న వాక్యం, భార్యాభర్తలిద్దరికీ జీవితాంతం అనుభవ హక్కు, ఈ మూడూ అందులో స్పష్టంగా ఉండాలి. చాలా దస్తావేజుల్లో మూడోది భర్త పేరుతోనే ఆగిపోతుంది, భార్య పేరు కూడా రాయించండి.