తడి కాగితం ప్యాకింగ్: మూడేళ్లు వాడాక నా మాట

పర్లాకిమిడి నుంచి అక్వేరియం మొక్కలు పోస్టులో పంపడం మొదలుపెట్టి మూడేళ్లు దాటింది. మొదట్లో నీళ్లు నింపిన కవర్లలోనే పంపేవాణ్ణి, నీటి మొక్క కదా, నీళ్లు లేకపోతే చచ్చిపోతుందని భయం. బరంపురంలో మా మేనమామకి పంపిన వాలిస్నేరియా మూడో రోజు కవరు విప్పేసరికి జావలా అయిపోయి కంపు కొట్టిందట. అంత దగ్గరికే ఇలా అయితే హైదరాబాద్ దాకా ఏం బతుకుతాయని చాలా బాధపడ్డాను.

అప్పుడు ఇంట్లోనే పరీక్ష పెట్టాను. మే నెలలో ఒకే తొట్టెలోంచి అనుబియాస్ అనే మొక్క ముక్కలు తీసి, ఒక కవర్లో నీళ్లు పోసి, ఇంకోదాంట్లో తడి న్యూస్‌పేపర్ చుట్టి కాస్త గాలి ఉంచి, రెండింటినీ ఆరు రోజులు బీరువాలో పెట్టేశాను. నీళ్లలోది మెత్తబడి వేలికి అంటుకుంది. కాగితంలోది గోరుతో నొక్కితే గట్టిగా, గీకితే లోపల పచ్చగా ఉంది! చీకట్లో మొక్క ఆక్సిజన్ తీసుకుంటూనే ఉంటుంది, వేడి నీళ్లలో అది అసలే తక్కువ, పైగా ఒక్క ఆకు కుళ్లినా ఆ ఉన్నది కూడా అయిపోతుంది. గాలిలో ఆ కొరత ఉండదు, తడి ఆరకపోతే చాలు.

కాగితం ఎంత తడి ఉండాలంటే, పిండితే చుక్క రాలకూడదు, అరచేతికి మాత్రం చల్లగా తగలాలి. జావా మాస్ అనే నాచుకి కాగితం వద్దు, కాగితం ముక్కలు దానికి అంటుకుని మళ్లీ ఏరలేం, నాచుని పిండేసి కవర్లో పెడితే సరిపోతుంది. పసుపెక్కిన ఆకులు ముందే కత్తిరించేయాలి. థర్మకోల్ పెట్టెలో ఖాళీ లేకుండా కాగితం కూరి, సోమవారం పొద్దున్నే పోస్టులో వేస్తాను, ఆదివారం మధ్యలో రాకుండా. ఒకసారి ఐస్ ప్యాక్ పెట్టి చూశాను, దానికి ఆనుకున్న ఆకులు నల్లబడ్డాయి, మళ్లీ పెట్టలేదు.

అన్నిటికీ ఇది పనిచేస్తుందని చెప్పను. కాబోంబా నా చేతిలో ఎలా పంపినా నిలవలేదు, మానేశాను.

క్రిప్టోకొరైన్ అనే మొక్కకి కొత్త తొట్టెలో ఆకులన్నీ కరిగిపోయినట్టు అవుతుంది, అది చావు కాదు, చాలాసార్లు కొన్ని వారాల్లో చిగురు వేస్తుంది. రాయగడలో ఒక అక్క తన మొక్క చచ్చిపోయిందనుకుని పారేయబోతే ఫోన్లో ఆపాను. అప్పటి నుంచి ప్రతి పెట్టెలో "వేళ్లు గట్టిగా ఉంటే పారేయకండి" అని చీటీ పెడుతున్నాను, తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి.